జోరాసాంకో పెద్దాయన
(ఠాగూర్ల ఇల్లు – 6వ భాగం)

కిందటి భాగం ద్వారకానాథ్ ఠాగూర్ మరణంతో ఆగింది. 1846 ఆగస్టు 1న ఆయన లండన్‌లో పోయాడు. పెద్దకొడుకు దేవేంద్రనాథ్‌కు ఆ కబురు గంగ మీద అందింది. వానాకాలం. పడవ ప్రయాణానికి బయల్దేరుతుంటే, నన్ను వదిలి ఎక్కడికి పోతారు, పోక తప్పదంటే నన్నూ తీసుకుపొమ్మని భార్య శారదాదేవి కన్నీళ్లతో పట్టుబట్టింది. ఆవిడా, పసివాళ్లు ముగ్గురూ, స్నేహితుడు రాజనారాయణ్ బోస్ వెంట వచ్చారు. నడిగంగలో గాలివాన కమ్ముకుంది. పడవలు మునిగిపోయే గండం గడిచి ఊపిరి పీల్చుకుంటున్న సమయానికి, వాళ్లను వెతుక్కుంటూ వచ్చిన చిన్న పడవలోంచి ఇంటి మనిషి ఉత్తరం అందించాడు. అందులో తండ్రి చావుకబురు ఉంది. అప్పటికి దేవేంద్రనాథ్ వయసు ఇరవై తొమ్మిది.

అది మొదలు 1905 జనవరి దాకా, యాభై ఎనిమిదేళ్లకు పైగా ఆ ఇంటికి ఆయనే పెద్ద. శారదాదేవికీ ఆయనకూ పుట్టిన బిడ్డలు పదిహేనుమంది. కోడళ్లు, అల్లుళ్లు, మనవలు, మునిమనవలు, ఇంటిని నమ్ముకున్న బంధువులు, గుమాస్తాలు, నౌకర్లు అంతా కలిస్తే ఒక ఊరంత సంసారం. మనలో చాలామందికి ఆయన రవీంద్రనాథుడి తండ్రిగా తెలుసు, తెల్లని గడ్డంతో ధ్యానంలో ఉన్న మహర్షిగా తెలుసు. ఆ బొమ్మ నిజమే. కానీ ఆయన స్వయంగా రాసుకున్న ఆత్మకథా, పిల్లలు రాసిన జ్ఞాపకాలూ పక్కపక్కన పెట్టుకుని చదివితే ఇంకొక మనిషి కూడా కనిపిస్తాడు. ఆ మనిషి లెక్క తప్పడు. ఎవరికి ఎంత బాకీ ఉన్నాడో ఆయనకు ఎప్పుడూ తెలుసు. ఆయన భక్తి నాకు పూజామందిరంలో కంటే పద్దుపుస్తకాల్లో ఎక్కువగా కనిపిస్తుంది.

కొంచెం వెనక్కి వెళ్దాం. దేవేంద్రనాథ్ 1817 మే 15న జోరాసాంకో ఇంట్లో పుట్టాడు. ఆయనను పెంచింది నాయనమ్మ అలకాసుందరి. ఆవిడ పక్కలో పడుకుని, ఆవిడ పూజలు చూస్తూ, ఆవిడ వెంట గుళ్లకు తిరుగుతూ పెరిగాడు. చిన్నప్పుడు రామమోహన్ రాయ్ పెట్టిన బడిలో చదువుకున్నాడు. ఆయన తోటలో ఉయ్యాలలూగాడు. కాస్త పెద్దయ్యాక హిందూ కాలేజీలో చేరాడు. తండ్రి సంపాదన అప్పుడు ఆకాశాన్ని అంటుతోంది. పద్దెనిమిదేళ్ల కుర్రవాడు, అడిగిందల్లా దొరికే ఇల్లు, చుట్టూ విలాసం. ఆ రోజుల్లోనే నాయనమ్మకు అవసానం వచ్చింది. అప్పటి ఆచారం ప్రకారం ఆవిడను గంగ ఒడ్డుకు మోసుకుపోయారు. ద్వారకానాథ్ ఊళ్లో లేడు. వాడే ఇంట్లో ఉంటే నన్నిలా తీసుకురానిచ్చేవాడు కాదని ఆవిడ మనవడితో వాపోయిందట. మూడు రాత్రులు ఒడ్డున పెంకుల పాకలో ఉంచారు. చివరి రాత్రికి ముందు రాత్రి, పాక దగ్గర ముతక చాప మీద కూర్చున్న దేవేంద్రనాథ్‌కు ఉన్నట్టుండి సంపద అంతా వెగటు పుట్టింది. తాను రోజూ పరుచుకునే తివాచీల కంటే ఆ చాపే తనకు తగినదనిపించింది. మాటల్లో పెట్టలేని ఆనందం అది అని చాలా ఏళ్ల తర్వాత రాసుకున్నాడు. ఆ తర్వాత కొన్నాళ్లకు తన గదిలోని బల్లలూ కుర్చీలూ పటాలూ మంచి బట్టలూ అడిగినవాళ్లకు అడిగినట్టు ఇచ్చేశాడు.

ఆనందం వచ్చినట్టే వచ్చి పోయింది. దాని కోసం పాశ్చాత్య తత్వగ్రంథాలు తిరగేశాడు, సంస్కృతం మొదలుపెట్టాడు. ఒకరోజు ఒక సంస్కృత పుస్తకం నుంచి చినిగిన కాగితం గాలికి ఎగురుతూ కళ్ల ముందుకొచ్చింది. చదివితే అర్థం కాలేదు. ఇంట్లో ఉన్న పండితుడు శ్యామాచరణ్ భట్టాచార్యను దాన్ని చూస్తుండమని చెప్పి తాను బ్యాంకుకు వెళ్లాడు. తండ్రి భాగస్వామిగా ఉన్న యూనియన్ బ్యాంకులో ఆయనకు పని. చిన్నాన్న రమానాథ్ ఠాగూర్ కింద నగదు లెక్కలు సరిచూసి మూసేదాకా అక్కడ ఉండాలి. ఆరోజు మాత్రం ఉండలేక సెలవడిగి ఇంటికి పరుగెత్తుకొచ్చాడు. బ్రహ్మసమాజంలో ఉపదేశాలు చేసే రామచంద్ర విద్యావాగీశ్ వచ్చి అది ఈశోపనిషత్తు మొదటి మంత్రమని చెప్పి అర్థం విడమరిచాడు. సర్వం ఈశ్వరుడితో నిండి ఉంది, పరుల సొమ్ముకు ఆశపడకు అన్న భావం. నగదు లెక్కల మధ్య నుంచి లేచొచ్చిన యువకుడికి ఆ మాట తగలవలసిన చోట తగిలింది. 1839లో తత్వబోధినీ సభ మొదలుపెట్టాడు. 1843 డిసెంబరులో, బెంగాలీ పంచాంగం ప్రకారం పౌష మాసం ఏడో రోజున, ఇరవైమంది సహచరులతో కలిసి బ్రహ్మధర్మ దీక్ష తీసుకున్నాడు. ఇప్పటికీ శాంతినికేతన్‌లో పౌష మేళా ఆ తిథికే మొదలవుతుంది.

తండ్రి మరణం ఆ దీక్షకు తొలి పరీక్ష తెచ్చింది. శ్రాద్ధం విగ్రహారాధన లేకుండా చేస్తానన్నాడు. మేనమామలూ చిన్నాన్నలూ పెద్దలూ కాదన్నారు. కులం వెలివేస్తుందన్నారు. ఇంటి వాకిట్లో ఉపనిషత్తు చదివి దానాలు చేసి లేచి లోపలికి వెళ్లిపోయాడు. ఆచారం ప్రకారం జరగాల్సిన తంతు తమ్ముడు గిరీంద్రనాథ్ నడిపించాడు. చాలామంది బంధువులు ఆ ఇంటి గడప తొక్కడం మానేశారు. ఎప్పుడో చనిపోయిన తల్లి కలలోకి వచ్చి దీవించిందని ఆయన రాసుకున్నాడు. గిరీంద్రనాథ్ పోయాక ఆయన భార్య యోగమాయాదేవి కులదైవం లక్ష్మీజనార్దనుడిని తీసుకుని, పిల్లలతో పక్క భవనంలోకి మారిపోయింది. గగనేంద్రనాథ్, అవనీంద్రనాథ్ అనే గొప్ప చిత్రకారులు పుట్టింది ఆ శాఖలోనే. ఒకే ప్రాంగణంలో దేవుడున్న ఇల్లు ఒకటి, దేవుడి బొమ్మ లేని ఇల్లు ఒకటి. వాటి మధ్య రాకపోకలు, ఆటపాటలు, నాటకాలు ఎన్నడూ ఆగలేదు.

రెండో పరీక్ష కులానిది కాదు, డబ్బుది. దీని గురించి ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఆ తర్వాత ఆయన ఏం చేసినా ఇల్లు ఎందుకు తలవంచిందో ఇక్కడే తెలుస్తుంది.

ద్వారకానాథ్ 1834లో పెట్టిన కార్, ఠాగూర్ కంపెనీ నీలిమందు, పట్టు, చక్కెర, రాణీగంజ్ బొగ్గు, ఆవిరి పడవలు అన్నింట్లోనూ చెయ్యి పెట్టింది. 1847 చివర వ్యాపార సంక్షోభం కలకత్తాను ముంచెత్తింది. యూనియన్ బ్యాంకు కూలింది. దాంతోపాటు 1848 జనవరిలో కంపెనీ కూడా చెల్లింపులు ఆపేసింది. లెక్క తీస్తే అప్పు కోటి రూపాయలు, రావలసింది డెబ్భై లక్షలు. ముప్ఫై లక్షలు లోటు.

ఇక్కడ ద్వారకానాథ్ ముందుచూపు ఒకటి ఉంది. 1840లోనే ఆయన కొన్ని జమీందారీలను విడిగా ట్రస్టు కింద పెట్టి, వ్యాపారం మునిగినా పిల్లలకు తిండికి లోటు రాకుండా కట్టుదిట్టం చేశాడు. అప్పులవాళ్లకు చట్టప్రకారం వాటి మీద హక్కు లేదు. బాకీదారుల సమావేశంలో కంపెనీ ముఖ్యోద్యోగి గార్డన్ ఆ మాటే చెప్పాడు. ఉన్నదంతా మీ ముందు పెడుతున్నారు, ట్రస్టు ఆస్తి ఒక్కటి మాత్రం మీరు ముట్టుకోలేరు అని. దేవేంద్రనాథ్ తమ్ముడితో అక్కడే మాట్లాడుకున్నాడు. అన్నదమ్ములిద్దరూ లేచి, చట్టం అడ్డొచ్చినా సరే, ట్రస్టు రద్దు చేసి దాన్ని కూడా బాకీకి ఇచ్చేస్తాం అన్నారు. సమావేశం నిశ్శబ్దమైపోయింది. కొందరు కళ్లు తుడుచుకున్నారు. ఇంత ఆస్తి తమంతట తామే వదులుకుంటున్న వీళ్లు రేపు ఎలా బతుకుతారన్న ప్రశ్న అప్పులవాళ్ల నోటే వచ్చింది. ఆస్తి యాజమాన్యం తాము తీసుకుని, కుటుంబ పోషణకు ఏడాదికి పాతిక వేల రూపాయలు ఇవ్వడానికి వాళ్లే ఒప్పుకున్నారు. కొంతకాలానికి యాజమాన్యం కూడా అన్నదమ్ములకే తిరిగి అప్పజెప్పారు.

ఇంటికొచ్చాక గుర్రాలూ బండ్లూ వేలం వేశారు. నౌకర్లను తగ్గించారు. భోజనం బల్ల మీద ఉండే రకరకాల వంటలు పోయాయి. తాను కోరుకున్న వైరాగ్యమే తనను వెతుక్కుంటూ వచ్చిందని ఆయన తృప్తిపడ్డాడు. ఇంట్లో మిగతావాళ్లకు అంత తృప్తి ఉండి ఉండదు. ఏళ్ల తరబడి అప్పు తీర్చారు, వడ్డీతో సహా. ద్వారకానాథ్ బతికుండగా ఒక ధర్మసంస్థకు లక్ష రూపాయలు ఇస్తానని మాటిచ్చి పోయాడు. ఆ మాటకు పత్రం ఉన్నా లేకున్నా దేవేంద్రనాథ్ దృష్టిలో అదీ బాకీయే. వడ్డీ కట్టి మరీ చెల్లించాడు.

కుటుంబపెద్ద అధికారం చాలా ఇళ్లలో వయసుతో వస్తుంది, లేదా కేకలతో వస్తుంది. ఆయనకు ఈ అప్పు తీర్చడంతో వచ్చిందని నా నమ్మకం. వదులుకోనక్కర్లేనిది వదులుకున్న మనిషి ఇంకొకరిని అడిగితే కాదనడం కష్టం. తరువాతి యాభై ఏళ్లు ఆయన ఎక్కువకాలం ఇంట్లోనే లేడు. హిమాలయాల్లో, పడవల్లో, బోల్‌పూర్ మైదానంలో, చించురాలో గడిపాడు. అయినా ఇంట్లో వంటకు ఏ దినుసు ఎంత వాడాలన్నది కూడా ఆయన పెట్టిన పద్ధతి ప్రకారమే నడిచేది.

ఆ ప్రయాణాల్లో పెద్దది 1856లో మొదలైంది. ఇంటి గొడవలకూ బ్రహ్మసమాజంలో తర్కాలకూ విసిగి కాశీ, అలహాబాద్, ఆగ్రా, ఢిల్లీ మీదుగా సిమ్లా చేరాడు. దారిలో యమున ఇసుకలో జనం గుమిగూడి ఉంటే ఏమిటని అడిగాడు. బాదుషా గాలిపటాలు ఎగరేస్తున్నాడు అన్నారు. 1857 తిరుగుబాటు కబురు సిమ్లా చేరినప్పుడు ఊరంతా పారిపోతుంటే ఆయనా కొన్నాళ్లు దగ్షాయి వైపు వెళ్లి, తిరిగొచ్చి, ఇంకా పైకి కొండల్లోకి నడిచాడు. ఒకరోజు కొండవాగు కిందికి ఉరుకుతుంటే చూశాడు. అంత స్వచ్ఛమైన నీళ్లు మట్టితో కలిసి మైలపడతాయని తెలిసీ నేల తడపడానికి దిగిపోతున్నాయి. నువ్వు కూడా దిగు అని లోపలి నుంచి ఆజ్ఞ వినిపించిందని రాశాడు. 1858 నవంబరులో ఇంటికొచ్చాడు. ఆ తిరుగు ప్రయాణంలో కాన్పూరు దగ్గర మళ్లీ గుంపు కనబడింది. ఈసారి అదే బాదుషాను ఖైదీగా తీసుకుపోతున్నారు. ఆయన ఆత్మకథ ఈ తిరిగి రావడంతోనే ముగుస్తుంది. అప్పటికి ఆయనకు నలభై ఒక్కేళ్లు. ఇంకా నలభై ఆరేళ్ల బతుకు మిగిలి ఉంది. దాని గురించి ఆయన రాయలేదు, పిల్లలు రాశారు.

ఆ పిల్లల్ని చూడండి. పెద్దవాడు ద్విజేంద్రనాథ్ కవి, తాత్వికుడు, గణితం మీద మోజున్నవాడు. రెండోవాడు సత్యేంద్రనాథ్ 1863లో ఐసీఎస్ నెగ్గిన తొలి భారతీయుడు. జ్యోతిరింద్రనాథ్ నాటకకర్త, సంగీతజ్ఞుడు, చిత్రకారుడు. ఇంగ్లీషు కంపెనీకి పోటీగా ఓడలు నడిపి చేతులు కాల్చుకున్నవాడు. స్వర్ణకుమారీదేవి నవలలు రాసి, భారతి పత్రికను ఏళ్ల తరబడి నడిపింది. పద్నాలుగో బిడ్డ రవీంద్రనాథ్. ఇద్దరు కొడుకులు మనోవ్యాధితో జీవితమంతా బాధపడ్డారు. వాళ్ల పోషణకూ తండ్రి ఏర్పాట్లు చేశాడు. ఒక్క ఇంట్లో ఇంతమంది ఎలా పుట్టారని అందరూ అడుగుతారు. రక్తం గురించి నేను చెప్పలేను కానీ ఏర్పాటు గురించి చెప్పగలను. జమీందారీ ఆదాయం నుంచి ప్రతి కొడుక్కూ నెలవారీ భత్యం ఉండేది. కూడు కోసం పరుగెత్తే అవసరం లేదు, విలాసానికి సరిపడేంతా లేదు. ఇంటికి ఉస్తాదులు వచ్చి సంగీతం నేర్పేవారు, మల్లయోధుడు కుస్తీ నేర్పేవాడు, పండితులు సంస్కృతం చెప్పేవారు. ఎవరు ఏ దారి పట్టినా తండ్రి అడ్డం నిలబడేవాడు కాదు.

ఆడవాళ్ల విషయంలో మాత్రం దారి ఇంత తిన్నగా లేదు. పెద్దకూతురు సౌదామినిని 1851లోనే బెథూన్ బడికి పంపించాడు. కులీనుల ఇళ్లలో అది సాహసమే. ఇంట్లో కోడళ్లకు చదువు చెప్పించాడు. కానీ సత్యేంద్రనాథ్ తన భార్య జ్ఞానదానందినిని ఇంగ్లండుకు రప్పించుకుంటానని రాస్తే ఒప్పుకోలేదు. 1864లో ఉద్యోగానికి బొంబాయి తీసుకెళ్తానంటే సరేనన్నాడు. అయితే ఇంటి కోడలు నలుగురు చూస్తుండగా వాకిలి దాటి బండెక్కడం కుదరదు; ఆమెను మూసిన పల్లకీలో ఓడ దాకా మోసుకెళ్లారు. బొంబాయిలో పార్సీ స్త్రీలను చూసి ఆమె కుచ్చిళ్లు పోసి, లోపల రవికె, లంగాతో చీర కట్టే తీరు కలకత్తాకు తెచ్చింది. బెంగాలులో చదువుకున్న స్త్రీలు బయటికి రావడానికి ఆ కట్టు వీలిచ్చింది. మావగారు దాన్ని ప్రోత్సహించిన దాఖలా లేదు, ఆపిన దాఖలా అంతకన్నా లేదు.

ఇక రవీంద్రుడి దగ్గరికి వద్దాం. చిన్నప్పుడు అతనికి తండ్రి అంటే అప్పుడప్పుడు కొండల నుంచి దిగివచ్చే అతిథి. ఆయన వచ్చాడంటే ఇల్లంతా గొంతు తగ్గించి మాట్లాడేది. తల్లి స్వయంగా వంటగదిలో కూర్చుని చూసుకునేది. రష్యా దండెత్తి వస్తోందని ఒకసారి పుకారు లేస్తే, కొండల్లో ఉన్న భర్త గురించి శారదాదేవి కంగారుపడింది. పెద్దవాళ్లెవరూ పట్టించుకోకపోతే చిన్న రవి చేత ఉత్తరం రాయించింది. భయపడవద్దు, రష్యావాళ్లు వస్తే నేనే తరిమేస్తాను అని జవాబు వచ్చింది. కవి తండ్రికి రాసిన మొదటి ఉత్తరం అదే.

1873లో రవికి ఉపనయనం చేశారు. గుండుతో ఇంగ్లీషు బడికి ఎలా పోవాలని కుర్రవాడు దిగులుపడుతుంటే తండ్రి మేడ మీదికి పిలిచి, నాతో హిమాలయాలకు వస్తావా అని అడిగాడు. పదకొండేళ్ల పిల్లవాడికి అంతకన్నా ఏం కావాలి? కొత్త బట్టలు కుట్టించారు. జరీ పని చేసిన వెల్వెట్ టోపీ పెట్టారు. బోడిగుండు మీద అది ఇబ్బందిగా ఉండి తీస్తే, పెట్టుకోమని తండ్రి గుర్తుచేసేవాడు. మర్యాద దగ్గర మినహాయింపు లేదు.

మొదట బోల్‌పూర్‌లో ఆగారు. పిల్లవాడు గులకరాళ్లు ఏరుకుని రోజూ తెచ్చి చూపిస్తే, పనికిమాలిన పని అని ఆయన అనలేదు. ఈ రాళ్లతో నా కొండ అలంకరించు అన్నాడు. తన బంగారు గడియారానికి రోజూ కీ ఇవ్వడం అతనికి అప్పగించాడు. పిల్లవాడు అత్యుత్సాహంతో తిప్పి తిప్పి చివరికి దాన్ని మరమ్మతుకు కలకత్తా పంపవలసి వచ్చింది. కోప్పడలేదు. దారి ఖర్చులకు చిల్లర చేతికిచ్చి లెక్క రాయమన్నాడు. పిల్లవాడి లెక్క ఎప్పుడూ కుదిరేది కాదు. ఒకసారి ఉండవలసిన దానికన్నా ఎక్కువ డబ్బు తేలింది. నిన్ను నా కోశాధికారిగా పెట్టుకోవాలి, నీ చేతిలో డబ్బు పెరుగుతోంది అని తండ్రి నవ్వాడు.

తర్వాత ఒక పెద్ద స్టేషన్లో టిక్కెట్లు చూసే ఉద్యోగి వచ్చాడు. రవి వయసుకు అర టిక్కెట్టే. మనిషి ఎత్తుగా కనబడేసరికి అనుమానం వచ్చి ఇంకొకరిని, చివరికి స్టేషన్ మాస్టరును పిలుచుకొచ్చాడు. ఈ అబ్బాయికి పన్నెండేళ్లు దాటలేదా అని అడిగారు. లేదన్నాడు తండ్రి. పూర్తి చార్జీ కట్టాలన్నారు. ఆయన కళ్లు ఎర్రబడ్డాయి. మారుమాట లేకుండా పెట్టెలోంచి నోటు తీసి ఇచ్చాడు. మిగిలిన చిల్లర తెచ్చి ఇస్తే ప్లాట్‌ఫారం మీదికి విసిరికొట్టాడు. డబ్బు కోసం అబద్ధమాడతానని అనుకోవడమే ఆయనకు తగిలిన దెబ్బ. ముప్ఫై లక్షల లోటు తలకెత్తుకున్న మనిషిని కొన్ని అణాలకు అనుమానించారు. రవీంద్రనాథ్ దీన్ని యాభై ఏళ్ల వయసులో రాశాడు. కోటి రూపాయల కథ కొడుకు కళ్లతో చూడలేదు. ఈ చిల్లర మోత మాత్రం చెవుల్లో నిలిచిపోయింది.

అమృత్‌సర్‌లో ఒక నెల ఉన్నారు. తండ్రీకొడుకులు నడుచుకుంటూ స్వర్ణదేవాలయానికి వెళ్లేవారు. దేవేంద్రనాథ్ సిక్కు భక్తుల మధ్య కూర్చుని తానూ గొంతు కలిపి పాడేవాడు. సాయంత్రాలు తోటలో వెన్నెల్లో కూర్చుని కొడుకు చేత కీర్తనలు పాడించుకునేవాడు. ఏప్రిల్లో డల్హౌసీ కొండల్లో బక్రోటా శిఖరం మీది ఇంటికి చేరారు. అక్కడ తెల్లవారకముందే లేపి సంస్కృత శబ్దాలు వల్లె వేయించడం, మంచునీళ్ల స్నానం, మధ్యాహ్నం ఇంగ్లీషు పాఠం, రాత్రి వాకిట్లో కూర్చోబెట్టి నక్షత్రాలు చూపించడం. మిగతా సమయమంతా పిల్లవాడిదే. ఇనుపమొన కర్ర పట్టుకుని ఒక్కడే దేవదారు అడవుల్లో ఎంత దూరం తిరిగినా తండ్రి వద్దనలేదు, జాగ్రత్త అని కూడా అనలేదు. తప్పు చేస్తామేమో అన్న భయంతో ఆయన మమ్మల్ని కట్టేయలేదని కొడుకు రాశాడు. సత్యాన్ని పైనుంచి రుద్దితే అది మనది కాదని, ప్రేమించి చేరుకోవాలని తండ్రికి తెలుసునన్నాడు. పిల్లల్ని పెంచే ఏ తెలుగింటివాళ్లయినా ఈ అధ్యాయాలు ఒకసారి చదవాలి.

ఇంకో సంఘటన చాలా ఏళ్ల తర్వాతది. రవి చిన్నప్పుడు రాసిన భక్తిపాట గురించి ఎవరో చెబితే తండ్రి గట్టిగా నవ్వేశాడట. యువకుడయ్యాక మాఘోత్సవానికి రాసిన పాటల గురించి విని, చించురాకు పిలిపించి, జ్యోతిరింద్రనాథ్‌ను హార్మోనియం దగ్గర కూర్చోబెట్టి అన్నీ పాడించుకున్నాడు. కొన్ని రెండోసారి పాడమన్నాడు. అయిపోయాక, దేశాన్నేలే రాజుకు మన భాష వచ్చి, సాహిత్యం విలువ తెలిసి ఉంటే కవికి బహుమానం ఇచ్చేవాడు. అది జరిగేది కాదు గనక ఆ పని నేనే చెయ్యాలి అని అయిదు వందల రూపాయల చెక్కు చేతిలో పెట్టాడు. పాత నవ్వు ఒక బాకీ అనుకుంటే, అదీ తీరింది.

జమీందారీ పని రవీంద్రనాథ్ చేతికొచ్చాక నెల మొదట్లో పార్క్ స్ట్రీట్ ఇంటికి వెళ్లి తండ్రికి లెక్కలు చదివి వినిపించాలి. ఆయనకు చూపు తగ్గింది. అంకెలన్నీ మనసులో ఉంచుకుని, కిందటి నెలతో, కిందటి ఏడుతో పోల్చి, ఎక్కడ తేడా ఉందో అక్కడే ఆపి అడిగేవాడు. కొడుకు దాచాలనుకున్న లొసుగు దాగేది కాదు. ఆ రెండు మూడు రోజులంటే తనకు హడలు అని కవి ఒప్పుకున్నాడు. ట్రస్టు రద్దు చేసి అప్పజెబుతామన్న ఆ షిలాయిదా, షాజాద్‌పూర్, కాళీగ్రామ్ జమీందారీలే చివరికి కుటుంబానికి మిగిలాయి. ఆ ఊళ్లలో పద్మా నది మీద పడవలో ఉండగానే రవీంద్రనాథ్ తన గొప్ప కథలు రాశాడు.

ప్రేమించిన మనిషి గురించి రాసేటప్పుడు ఆగిన చోట్లు కూడా చెప్పాలి. దేవేంద్రనాథ్ విగ్రహాలను వదిలాడు కానీ కులాన్ని పూర్తిగా వదలలేదు. కొడుకులా చూసుకుని, బ్రహ్మానంద అని బిరుదిచ్చిన కేశవచంద్ర సేన్, జంధ్యం వేసుకున్నవాళ్లు బ్రహ్మసమాజం వేదిక ఎక్కకూడదు, కులాంతర వివాహాలు జరగాలి అని పట్టుబడితే ఒప్పుకోలేక 1866లో ఆయన్ని పోగొట్టుకున్నాడు. కూతుళ్ల పెళ్లిళ్లు పసివయసులోనే చేశాడు. 1883లో ఇరవై రెండేళ్ల రవీంద్రనాథ్‌కు, ఎస్టేటు ఉద్యోగి కూతురు పదేళ్ల భవతారిణితో పెళ్లి జరిగింది; మృణాళిని అని పేరు మార్చారు. మనవడు బలేంద్రనాథ్ 1899లో పోయాక అతని భార్యకు పుట్టింటివాళ్లు మళ్లీ పెళ్లి ప్రయత్నం చేస్తుంటే, ఆమెను వెనక్కి తీసుకురమ్మని రవీంద్రనాథ్‌నే పంపించాడు. కవి వెళ్లి తీసుకొచ్చాడు. ఈ ఒక్క విషయం చదివినప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది. తండ్రి పోయిన ఐదేళ్లకు, 1910లో, అదే కవి తన కొడుకు రథీంద్రనాథ్‌కు వితంతువైన ప్రతిమను ఇచ్చి పెళ్లి చేశాడు. ఆ ఇంట్లో అది తొలి వితంతు వివాహం. పెద్దాయన బతికుండగా అది సాధ్యపడలేదన్న నిజాన్ని దాటవేయలేం.

1863లో బోల్‌పూర్ దగ్గర ఏడాకులపాల చెట్లు రెండు తప్ప పెద్దగా ఏమీ లేని ఇరవై బిఘాల బీడు, రాయ్‌పూర్ సిన్హా కుటుంబం దగ్గర ఏడాదికి అయిదు రూపాయల శాశ్వత కౌలుకు తీసుకున్నాడు. ఇల్లు కట్టించి శాంతినికేతన్ అని పేరు పెట్టాడు. 1888లో దాన్ని ట్రస్టు చేశాడు: అక్కడ ఏ విగ్రహాన్నీ పూజించకూడదు, ఏ మతాన్నీ తూలనాడకూడదు, మాంసం తినకూడదు, ఏటా ఒక మేళా జరగాలి. తండ్రి ట్రస్టును అప్పుల కోసం విప్పేస్తానన్నవాడు, తన ట్రస్టును ఎవరు వచ్చినా తలదాచుకునేటట్టు రాశాడు. 1901 డిసెంబరులో, మళ్లీ పౌష మాసం ఏడున, రవీంద్రనాథ్ అక్కడ ఐదుగురు పిల్లలతో బడి పెడతానంటే ఎనభై నాలుగేళ్ల తండ్రి సరేనన్నాడు.

దీర్ఘాయువు ఊరికే రాదు, చావులు చూపిస్తూ వస్తుంది. 1875లో శారదాదేవి పోయింది. 1884లో కొడుకు హేమేంద్రనాథ్, కోడలు కాదంబరి పోయారు. తమ్ముళ్లు అంతకు చాలా ముందే పోయారు. ఆయన ఒంటరిగా మేడ మీది గదిలో, కుర్చీలో, ఇంటివాళ్లు ఒక్కొక్కరే వచ్చి నమస్కరించి వెళ్తుంటే విని గొంతుతో గుర్తుపట్టేవాడు. 1905 జనవరి 19న, ఎనభై ఎనిమిదో ఏట, పుట్టిన జోరాసాంకో ఇంట్లోనే కన్నుమూశాడు.

తెలుగువాళ్లకు ఈ ఇంటితో రెండు దారుల్లో చుట్టరికం ఉంది. కందుకూరి వీరేశలింగం పంతులు గారిని బ్రహ్మసమాజం వైపు తిప్పింది దేవేంద్రనాథ్ మీద అలిగి వెళ్లిన కేశవచంద్ర సేన్ మాటలు. రాయప్రోలు సుబ్బారావు గారు, బెజవాడ గోపాలరెడ్డి గారు వెళ్లి చదువుకున్నది ఆయన కౌలుకు తీసుకున్న నేల మీద. పిఠాపురం వీణ విద్వాంసుడు సంగమేశ్వర శాస్త్రి గారి వీణ మోగిందీ అక్కడే.

ఒక్క ప్రశ్న మిగిలింది. ఇంటిపెద్ద ఏళ్ల తరబడి కొండల్లో ఉంటే, పదిహేనుమందిని కని, ఆ ఊరంత సంసారాన్ని నడిపిందెవరు? ఆవిడ ఆత్మకథ రాయలేదు, ఆవిడ గురించి పిల్లలు రాసింది కూడా కొద్దే. వచ్చే భాగం శారదాదేవిది.